జాకబ్ బ్యెర్క్‌నెస్

జాకబ్ బ్యెర్క్‌నెస్ (1897 నవంబరు 2 - 1975 జూలై 7) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ వాతావరణ శాస్త్రవేత్త. పూర్తి పేరు జాకబ్ ఆల్ బొనెవీ బ్యెర్క్‌నెస్. సమశీతోష్ణ మండలంలో ఏర్పడే చక్రవాతాల నిర్మాణాన్ని ఈయన 1919లో మొట్టమొదటగా స్పష్టంగా వివరించాడు. తుఫానులు భూగోళపు మహా వాయు ప్రసరణలో కొట్టుకుపోయే సుడులు మాత్రమే కావని, ఆ ప్రసరణను నడిపించే భాగాలు కూడా అవేనని నిరూపించిన వారిలో ఈయన ముఖ్యుడు. జీవిత చరమాంకంలో పసిఫిక్ మహాసముద్రానికి, దానిపై వీచే గాలులకు మధ్య ఇటువంటి పరస్పర సంబంధాన్నే కనుగొని, ఎల్ నినోకు తొలి సమగ్ర వివరణ ఇచ్చాడు. తండ్రి విల్హెల్మ్ బ్యెర్క్‌నెస్ కూడా ప్రఖ్యాత శాస్త్రవేత్తే కావడం వలన ఈ వ్యాసంలో తండ్రిని విల్హెల్మ్ అని, కుమారుని జాకబ్ అని పేర్కొనడం జరిగింది.

బాల్యం, కుటుంబం

జాకబ్ స్వీడన్ రాజధాని స్టాక్‌హోంలో జన్మించాడు. అప్పట్లో విల్హెల్మ్ అక్కడ ఆచార్యునిగా పనిచేస్తున్నాడు. తల్లి హొనోరియా సోఫియా బొనెవీ. తాత కార్ల్ అంటోన్ బ్యెర్క్‌నెస్ గణిత శాస్త్రవేత్త. పినతల్లి క్రిస్టీన్ బొనెవీ జంతుశాస్త్రవేత్త, నార్వేలో ఆచార్య పదవి పొందిన తొలి మహిళ. 1907లో కుటుంబం నార్వే రాజధాని క్రిస్టియానియాకు తరలి వచ్చింది. ఈ నగరమే 1925 నుండి ఓస్లోగా పిలువబడుతున్నది.

విల్హెల్మ్ 1904లో ఒక సాహసోపేతమైన ప్రతిపాదన చేసాడు. నేటి వాతావరణ స్థితి సరిగా తెలిస్తే, భౌతిక శాస్త్ర నియమాల ఆధారంగా రేపటి స్థితిని లెక్కించవచ్చునన్నది దాని సారాంశం. ఆ కాలంలో వాతావరణ సూచన చాలావరకు అనుభవం మీద, పోలికల మీద ఆధారపడిన విద్య. దానిని గణిత భౌతిక శాస్త్రంగా మార్చాలన్నది తండ్రి ఆశయం. జాకబ్ ఆ ఆశయం మధ్యనే పెరిగాడు.

లైప్‌జిగ్ నగరంలో తొలి పరిశోధన

విల్హెల్మ్ 1913లో జర్మనీలోని లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో భూభౌతిక సంస్థకు అధిపతి అయ్యాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం మొదలై, సంస్థలోని జర్మన్ విద్యార్థులు ఒక్కొక్కరుగా సైన్యంలోకి వెళ్ళిపోయారు. గాలులు వేర్వేరు దిక్కుల నుండి వచ్చి ఒకే గీత వెంబడి కలుసుకొనే తీరును హెర్బర్ట్ పెట్‌జోల్డ్ అనే విద్యార్థి పరిశీలిస్తుండేవాడు. ఆయన 1916లో వెర్డూన్ యుద్ధంలో మరణించాడు. ఆ అసంపూర్ణ పరిశోధనను పందొమ్మిదేళ్ళు నిండని జాకబ్ చేపట్టాడు.

వాతావరణ పటాలను వరుసగా పరిశీలించిన జాకబ్‌కు ఈ కలయిక గీతలు వేల కిలోమీటర్ల పొడవు ఉండవచ్చునని, పడమర నుండి తూర్పుకు కదులుతాయని, మేఘాలతోను వర్షంతోను సంబంధం కలిగి ఉంటాయని తెలిసింది. ఈ ఫలితాలను 1917లో ప్రచురించాడు. జర్మనీలో యుద్ధకాలపు ఇబ్బందులు తీవ్రం కావడంతో అదే సంవత్సరం తండ్రీకొడుకులు నార్వే పశ్చిమ తీరంలోని బెర్గెన్ పట్టణానికి తరలి వెళ్ళారు.

బెర్గెన్: ఆకలి నేర్పిన శాస్త్రం

బెర్గెన్‌లో జరిగిన పరిశోధన వెనుక ఒక అత్యవసరం ఉంది. యుద్ధం వలన నార్వేకు ధాన్యం దిగుమతులు తగ్గి ఆహార కొరత ఏర్పడింది. సొంత పంటను కాపాడుకోవాలంటే రైతుకు వర్షం ఎప్పుడు వస్తుందో తెలియాలి. సముద్రంపై ఆధారపడిన మత్స్యకారులకు గాలివాన గురించి ముందుగా తెలియడం ప్రాణావసరం. కాని తుఫానులు వచ్చే పడమటి దిక్కున ఉన్న బ్రిటన్ తన వాతావరణ వివరాలను యుద్ధ రహస్యాలుగా భావించి పంపడం మానివేసింది. సముద్రం మీది ఓడల నుండి కూడా వార్తలు లేవు. వాతావరణ పటంలో పడమటి భాగమంతా ఖాళీగా మిగిలిపోయింది.

ఈ లోటును పూడ్చడానికి విల్హెల్మ్ ప్రభుత్వాన్ని ఒప్పించి నార్వే తీరం వెంబడి పరిశీలన కేంద్రాల సంఖ్యను అనేక రెట్లు పెంచాడు. దీపస్తంభాల కాపరులు, మత్స్యకారులు, తీరవాసులు గాలి దిశను, మేఘాల రూపాన్ని, వర్షాన్ని గమనించి తెలియజేసేవారు. 1918 వేసవిలో రైతుల కోసం ప్రయోగాత్మకంగా సూచనలు మొదలయ్యాయి. ఇరవై ఏళ్ళ జాకబ్ పశ్చిమ నార్వేకు సూచనలు తయారు చేసే బాధ్యతను స్వీకరించాడు. పరిశీలన కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉండటం వలన, విశాలమైన పటాలలో కనిపించని వివరాలు ఈ పటాలలో కనిపించసాగాయి.

చక్రవాతం నమూనా

ఈ వివరాల ఆధారంగా జాకబ్ కదిలే చక్రవాతాల నిర్మాణం గురించి ఎనిమిది పేజీల చిన్న వ్యాసాన్ని 1919లో వెలువరించాడు. అప్పటివరకు చక్రవాతం అంటే కేంద్రం చుట్టూ అన్ని వైపులా ఒకే తీరుగా ఉండే అల్పపీడనమని చాలామంది భావించేవారు. చక్రవాతంలో రెండు భిన్నమైన గాలులు ఉంటాయని జాకబ్ చూపించాడు. దక్షిణం నుండి వెచ్చని, తేమగల గాలి నాలుక ఆకారంలో లోపలికి చొచ్చుకొని వస్తుంది. దాని చుట్టూ ధ్రువ ప్రాంతపు చల్లని గాలి ఉంటుంది. ఈ రెండింటిని వేరు చేసే గీతలు రెండు.

ముందు గీత వద్ద వెచ్చని గాలి, బరువైన చల్లని గాలి మీదుగా ఏటవాలుగా పైకి ఎక్కుతుంది. అక్కడ విశాలమైన మేఘ పరుపు, ఎడతెగని వర్షం ఏర్పడతాయి. వెనుక గీత వద్ద చల్లని గాలి ఆప్పుగా అడుగున దూరి వెచ్చని గాలిని ఒక్కసారిగా పైకి నెడుతుంది. అక్కడ ఈదురుగాలులు, ఉధృతమైన జల్లులు వస్తాయి. యుద్ధరంగంలో రెండు సైన్యాలు తలపడే సరిహద్దును పోలి ఉన్నందున ఈ గీతలకు ఫ్రంట్ అనే పేరు స్థిరపడింది. తెలుగులో వీటిని వాతాగ్రాలు అంటారు. ముందుది ఉష్ణ వాతాగ్రం, వెనుకది శీతల వాతాగ్రం.

తరువాత బెర్గెన్ బృందంలోని స్వీడన్ శాస్త్రవేత్త టోర్ బెర్గెరోన్ మరొక విషయం గమనించాడు. వేగంగా కదిలే శీతల వాతాగ్రం ఉష్ణ వాతాగ్రాన్ని అందుకొని వెచ్చని గాలిని నేల నుండి పైకెత్తివేస్తుంది. అప్పటినుండి చక్రవాతం క్రమంగా బలహీనపడుతుంది. దీనితో చక్రవాతానికి పుట్టుక, యౌవనం, క్షీణత అనే దశలున్నట్లు తేలింది.

తుఫానుల కుటుంబాలు, ధ్రువ వాతాగ్రం

జాకబ్, ఆయన సహచరుడు హాల్వోర్ సోల్బెర్గ్ కలిసి 1922లో ప్రచురించిన వ్యాసం ఈ ఆలోచనను అర్ధగోళమంతటికీ విస్తరించింది. వారి సిద్ధాంతం ప్రకారం ధ్రువ ప్రాంతపు చల్లని గాలికి, ఉపఉష్ణ ప్రాంతపు వెచ్చని గాలికి మధ్య పొడవైన సరిహద్దు ఒకటి ఉంటుంది. ఇదే ధ్రువ వాతాగ్రం. దీనిపై చిన్న అల పుట్టి పెరిగి చక్రవాతంగా మారుతుంది. చల్లని, వెచ్చని గాలులు పక్కపక్కనే ఉన్నప్పుడు వాటిలో స్థితిశక్తి దాగి ఉంటుంది. బరువైన గాలి దిగి, తేలికైన గాలి లేచినపుడు అది గాలుల గతిశక్తిగా మారుతుంది. తుఫానుకు ప్రధానమైన ఇంధనం ఇదే.

ఒక చక్రవాతం తూర్పుకు సాగిపోతూ తన వెనుక శీతల వాతాగ్రాన్ని నైరుతి దిశగా ఈడ్చుకుపోతుంది. ఆ తోకపై కొత్త అల పుడుతుంది. ఈ విధంగా తల్లి వెనుక పిల్లల వలె సుమారు నాలుగు చక్రవాతాలు వరుసగా వస్తాయి. ఒక్కొక్కటి మునుపటి దానికంటే కొంత దక్షిణంగా సాగుతుంది. చివరి దాని వెనుక చల్లని గాలి పెద్ద ప్రవాహంగా దక్షిణానికి దూసుకుపోయి వ్యాపార పవనాలలో కలుస్తుంది. మరోవైపు వెచ్చని గాలి ఉత్తరానికి చేరుతుంది.

ఉష్ణ మండలం సూర్యుని నుండి అధికంగా వేడిని పొందుతుంది, ధ్రువ ప్రాంతం తాను పొందే దానికంటే ఎక్కువ వేడిని కోల్పోతుంది. ఈ లెక్క సరిపోవాలంటే వేడి ఉత్తర దక్షిణాలుగా ప్రయాణించాలి. సమశీతోష్ణ మండలంలో వాతావరణం ద్వారా జరిగే ఈ రవాణాలో అధికభాగం తుఫానుల వల్లనే జరుగుతుంది. అంటే భూగోళ వాయు ప్రసరణ తుఫానులకు జన్మనిస్తుంది, తుఫానులు ఆ ప్రసరణ పనిని నెరవేరుస్తాయి. 1922 నాటి ఈ భావన జాకబ్ జీవితాంతపు పరిశోధనకు పునాది అయ్యింది.

బంగాళాఖాతం తుఫానులతో భేదం

తెలుగు పాఠకులకు సుపరిచితమైన బంగాళాఖాతపు తుఫానులు ఈ కోవకు చెందవు. వాటిలో వాతాగ్రాలు ఉండవు. వెచ్చని సముద్రం నుండి ఆవిరైన నీరు మేఘాలలో ద్రవీభవించినపుడు విడుదలయ్యే గుప్తోష్ణం వాటికి ప్రధాన ఇంధనం. జాకబ్ వర్ణించిన చక్రవాతాలు ముఖ్యంగా ఉష్ణోగ్రతల వ్యత్యాసం నుండి శక్తిని పొందుతాయి. ఇవి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణంలో ఉంటాయి, నేల మీద కూడా బలపడగలవు.

పై గాలుల రహస్యం

జాకబ్ 1922-23లో స్విట్జర్లాండులో ఉండి ఆల్ప్స్ పర్వత శిఖరాల మీది పరిశీలనల సాయంతో వాతాగ్రాలు ఎత్తులో ఎలా ఉంటాయో అధ్యయనం చేసాడు. 1924లో డాక్టరేటు పొందాడు. 1928లో హెడ్విగ్ బోర్థెన్‌ను వివాహమాడాడు. వీరికి ఇద్దరు సంతానం. 1931లో బెర్గెన్ మ్యూజియంలో ఆచార్యుడయ్యాడు.

తొలి సిద్ధాంతంలో ఒక లోపం ఉంది. అల్పపీడన కేంద్రంలోకి నేల దగ్గర అన్ని వైపుల నుండి గాలి వచ్చి చేరుతుంటుంది. అలా చేరితే పీడనం పెరగాలి, కాని తుఫాను బలపడే కొద్దీ పీడనం తగ్గుతుంది. చేరే గాలికంటే ఎక్కువ గాలి ఎక్కడో బయటకు పోతూ ఉండాలి. ఆ చోటు ఎత్తైన పొరలలోనే ఉండాలి. దీనిని తెలుసుకోవడానికి జాకబ్, ఫిన్లాండ్ శాస్త్రవేత్త ఎరిక్ పాల్మెన్ కలిసి 1930వ దశకంలో యూరప్‌లోని అనేక కేంద్రాల నుండి ఒకేసారి పరికరాలు గల బెలూన్లను ఎగురవేయించి, ఆ వివరాలతో తుఫాను నిలువు నిర్మాణాన్ని గీశారు.

ఎత్తులో పశ్చిమ పవనాలు పెద్ద అలలుగా వంపులు తిరుగుతూ సాగుతాయి. అలలో దక్షిణానికి వంగిన ద్రోణికి తూర్పు వైపున గాలి విడిపోతూ ఉంటుంది. దాని క్రింద నేలపై పీడనం తగ్గి చక్రవాతం బలపడుతుంది. ఆ చక్రవాతం తన ముందు వెచ్చని గాలిని ఉత్తరానికి, వెనుక చల్లని గాలిని దక్షిణానికి నెడుతుంది. దాని వలన పైనున్న అల వంపు మరింత లోతవుతుంది. లోతైన అల క్రింది చక్రవాతాన్ని ఇంకా బలపరుస్తుంది. ఈ విధంగా పై అల, క్రింది తుఫాను ఒకదానినొకటి పెంచుకుంటాయి. జాకబ్ ఈ వివరణను 1937లో మొదలుపెట్టి, 1944లో యోర్గెన్ హోల్మ్‌బోతో కలిసి వ్రాసిన వ్యాసంలో పరిపుష్టం చేసాడు. హోల్మ్‌బో శిష్యుడైన జూల్ చార్నీ 1947లో, బ్రిటన్‌కు చెందిన ఎరిక్ ఈడీ 1949లో ఇటువంటి అలలు ఎందుకు వాటంతట అవే పెరుగుతాయో గణితపరంగా నిరూపించారు.

అమెరికాలో

జాకబ్ 1939లో ఉపన్యాసాల నిమిత్తం కుటుంబంతో సహా అమెరికా సంయుక్త రాష్ట్రాలకు వెళ్ళాడు. కొన్ని నెలలలో తిరిగి రావలసి ఉండగా రెండవ ప్రపంచ యుద్ధం మొదలయ్యింది. 1940 ఏప్రిల్‌లో జర్మనీ నార్వేను ఆక్రమించింది. తిరుగు ప్రయాణం అసాధ్యం కావడంతో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యునిగా స్థిరపడ్డాడు. అక్కడ అమెరికా సైన్యానికి కావలసిన వాతావరణ నిపుణులకు శిక్షణ ఇచ్చాడు. బెర్గెన్‌లో ఆయనతో పనిచేసిన స్వెర్రె పెటర్సెన్, 1944 జూన్‌లో మిత్రరాజ్యాల సేనలు నార్మండీ తీరంలో దిగడానికి ముందు వాతావరణ సూచనలు తయారు చేసిన వారిలో ఒకడు. జాకబ్ 1946లో అమెరికా పౌరసత్వం పొందాడు.

తుఫానులు పశ్చిమ పవనాలను పోషించే తీరు

నేల రాపిడి వలన పశ్చిమ పవనాలు నిరంతరం వేగం కోల్పోతుంటాయి. బయటి నుండి ద్రవ్యవేగం అందకపోతే అవి క్షీణించక తప్పదు. ఆ సరఫరా ఎక్కడి నుండి వస్తుంది? హెరాల్డ్ జెఫ్రీస్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1926లో అది సుడుల ద్వారానే జరగాలని వాదించాడు. అప్పటికి దానిని సరిచూడటానికి తగిన పరిశీలనలు లేవు. 1948లో జాకబ్, విడిగా విక్టర్ స్టార్ ఈ ప్రశ్నను తిరిగి చేపట్టారు.

ఉత్తరార్ధగోళపు పటాలలో ద్రోణులు సూటిగా ఉత్తర దక్షిణాలుగా కాక, తరచుగా నైరుతి నుండి ఈశాన్యానికి వాలి ఉంటాయి. అటువంటి ద్రోణికి తూర్పున ఉత్తరానికి పోయే గాలిలో తూర్పు దిశ వేగం ఎక్కువగాను, పడమట దక్షిణానికి వచ్చే గాలిలో తక్కువగాను ఉంటుంది. వెళ్ళేది ఎక్కువ, వచ్చేది తక్కువ కనుక మొత్తం మీద ద్రవ్యవేగం ఉత్తరానికి చేరి పశ్చిమ పవనాలను బలపరుస్తుంది. పశ్చిమ పవనాలు తుఫానులను నడిపిస్తాయి, తుఫానులు పశ్చిమ పవనాలను నిలబెడతాయి.

ఈ పరస్పర బలం హద్దులు లేకుండా పెరగదు. తుఫానులు వేడిని ఉత్తరానికి తరలించి, తమకు ఆధారమైన ఉష్ణోగ్రతల వ్యత్యాసాన్నే తగ్గిస్తాయి. సూర్యతాపం ఆ వ్యత్యాసాన్ని తిరిగి నెలకొల్పుతుంది. ఈ రెండింటి మధ్య సమతౌల్యమే మనకు సగటు వాయు ప్రసరణగా కనిపిస్తుంది. జాకబ్ విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన ప్రసరణ అధ్యయనాలను శిష్యుడు యేల్ మింట్జ్ కొనసాగించాడు. మింట్జ్, అకియో అరకావా తయారు చేసిన కంప్యూటర్ నమూనా భూగోళ వాయు ప్రసరణకు చెందిన తొలి నమూనాలలో ఒకటి.

ఎల్ నినో, వాకర్ ప్రసరణ

అరవై ఏళ్ళు దాటిన తరువాత జాకబ్ తన దృష్టిని సముద్రం వైపు మళ్ళించాడు. 1964లో అట్లాంటిక్ మహాసముద్రపు ఉష్ణోగ్రతలకు, పవనాలకు గల సంబంధంపై వ్యాసం ప్రచురించాడు. తరువాత పసిఫిక్‌ను చేపట్టాడు. అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంగా పాటించిన 1957-58 కాలంలోనే బలమైన ఎల్ నినో రావడం వలన మునుపెన్నడూ లేనన్ని పరిశీలనలు లభించాయి. పెరూ తీరంలో మాత్రమే నీరు వేడెక్కుతుందనుకున్న చోట, భూమధ్యరేఖ వెంబడి పసిఫిక్ నడిమి వరకు నీరు వేడెక్కినట్లు తెలిసింది.

ఇక్కడ ఆయన కథ భారతదేశంతో ముడిపడుతుంది. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్, రుతుపవనాల వర్షాన్ని ముందుగా చెప్పాలనే ప్రయత్నంలో ప్రపంచమంతటి వాతావరణ లెక్కలను పోల్చి చూసాడు. పసిఫిక్ వైపున పీడనం పెరిగినపుడు హిందూ మహాసముద్రం వైపున తగ్గుతుందని, అది పెరిగితే ఇది తగ్గుతుందని గమనించి దానికి దక్షిణ డోలనం అని పేరు పెట్టాడు. కాని దానికి కారణం తెలియకపోవడంతో ఆ ఫలితాలు చాలాకాలం నిర్లక్ష్యానికి గురయ్యాయి.

ఆ కారణాన్ని జాకబ్ 1969లో వివరించాడు. పసిఫిక్ పడమటి భాగంలో నీరు వెచ్చగా ఉండి, దానిపై గాలి పైకి లేచి భారీ వర్షాలు కురుస్తాయి. తూర్పు భాగంలో నీరు చల్లగా ఉండి గాలి క్రిందికి దిగుతుంది. సముద్రం మీద గాలి తూర్పు నుండి పడమరకు వీస్తుంది. ఈ గాలి వెచ్చని నీటిని పడమరకు నెడుతుంది, తూర్పున అడుగునున్న చల్లని నీరు పైకి ఉబుకుతుంది. ఉష్ణోగ్రతల వ్యత్యాసం పెరిగి గాలి ఇంకా బలపడుతుంది. గాలి బలహీనపడితే ఇదే చక్రం వెనుకకు తిరుగుతుంది. తూర్పున నీరు వేడెక్కుతుంది, వ్యత్యాసం తగ్గుతుంది, గాలి మరింత బలహీనపడుతుంది. అదే ఎల్ నినో. ఈ తూర్పు పడమరల ప్రసరణకు జాకబ్ వాకర్ ప్రసరణ అని పేరు పెట్టాడు. గాలి, నీరు ఒకదానినొకటి బలపరచుకొనే ఈ విధానం నేడు బ్యెర్క్‌నెస్ ఫీడ్‌బ్యాక్‌గా ప్రసిద్ధి చెందింది.

భూమధ్యరేఖ వద్ద వెచ్చని నీటిపై పెరిగిన వర్షాలు ఉత్తర దక్షిణ వాయు ప్రసరణను కూడా ఉత్తేజపరుస్తాయని, దాని వలన శీతాకాలంలో ఉత్తర పసిఫిక్ పశ్చిమ పవనాలు, తుఫానులు బలపడతాయని కూడా ఆయన చూపించాడు. చక్రం ఒక దశ నుండి మరొక దశకు ఎందుకు మళ్ళుతుందో మాత్రం ఆయన వివరించలేకపోయాడు. సముద్రగర్భంలో నెమ్మదిగా సాగే అలల పాత్రను గుర్తించిన 1980వ దశకపు పరిశోధనలు ఆ లోటును చాలావరకు తీర్చాయి.

ఎల్ నినో ఏర్పడిన సంవత్సరాలలో భారతదేశంలో రుతుపవనాలు బలహీనపడే అవకాశం ఎక్కువ. 2002లో అదే జరిగి ఆంధ్ర ప్రదేశ్‌తో సహా అనేక రాష్ట్రాలు కరువుకు గురయ్యాయి. అయితే ఇది తప్పనిసరి నియమం కాదు. 1997లో అత్యంత బలమైన ఎల్ నినో ఉన్నప్పటికీ దేశంలో సాధారణ వర్షపాతమే నమోదయ్యింది.

పురస్కారాలు

1940లో బ్రిటన్ రాయల్ మెటియొరలాజికల్ సొసైటీ వారి సైమన్స్ స్వర్ణ పతకం, 1945లో విలియం బౌయీ పతకం, 1959లో అంతర్జాతీయ వాతావరణ సంస్థ పురస్కారం, 1960లో కార్ల్-గుస్తాఫ్ రాస్బీ పతకం జాకబ్‌కు లభించాయి. 1966లో అమెరికా ప్రభుత్వం జాతీయ విజ్ఞాన పతకంతో సత్కరించింది. అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ ఈయన పేరిట స్మారకోపన్యాసాలు నిర్వహిస్తున్నది.

మరణం, ప్రభావం

జాకబ్ 1975 జూలై 7న లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు. ఆయన నమూనాలోని కొన్ని అంశాలను తరువాతి పరిశోధకులు సవరించారు. తుఫానుకు వాతాగ్రం కారణం మాత్రమే కాదని, చాలా సందర్భాలలో వాతాగ్రం కూడా తుఫానుతో పాటే పదునెక్కుతుందని తేలింది. సముద్రంపై వేగంగా బలపడే చక్రవాతాల కొరకు షపీరో, కీసర్ 1990లో వేరొక నమూనాను ప్రతిపాదించారు. అయినప్పటికీ వాతావరణ పటాలపై నీలి, ఎర్ర రంగులలో గీసే వాతాగ్రాలు బెర్గెన్ కాలపు వారసత్వమే. ఒక రోజు వర్షాన్ని చెప్పడానికి మొదలైన ఆయన పరిశోధన, ఒక ఋతువు వర్షాన్ని నెలల ముందుగా అంచనా వేసే శాస్త్రానికి దారి చూపింది. పసిఫిక్ నీటి ఉష్ణోగ్రతను గమనించి రుతుపవనాలను అంచనా వేసే నేటి పద్ధతులకు, వాకర్ సేకరించిన లెక్కలతో పాటు, వాటి వెనుకనున్న కారణాన్ని చూపిన జాకబ్ వివరణ ఆధారమయ్యింది.